హెపారిన్ ఇస్తే ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఈ పీఎఫ్4 ఏంటండీ?

ప్రశ్న: నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఏడో రోజు ప్లేట్‌లెట్లు 2,40,000 నుంచి 90,000కి దిగాయి. డాక్టర్‌గారు హెపారిన్ వెంటనే ఆపేసి పీఎఫ్4 యాంటీబాడీ టెస్ట్ రాశారు. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారాలి కదా, ఆయనేమో గడ్డలు కడతాయేమోనని టెన్షన్ పడుతున్నారు!

జవాబు: పీఎఫ్4 అంటే ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 అనే ప్రోటీన్. ప్లేట్‌లెట్ లోపల ఆల్ఫా గ్రాన్యూల్స్ అనే బుల్లి సంచుల్లో దాక్కుని ఉంటుంది, గాయమైతే బయటికొస్తుంది. దానిది ధనావేశం, హెపారిన్‌ది రుణావేశం, ఇంకేముంది, అతుక్కుపోతాయి. కొందరి ఒంట్లో ఆ జంట మీద యాంటీబాడీలు పుట్టి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి, అవి గడ్డలు కట్టడంలో ఖర్చయిపోతాయి కాబట్టే లెక్క పడిపోతుంది. మామూలుగా హెపారిన్ మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య బయటపడుతుంది. మీ డాక్టర్‌గారి కంగారు సబబే.

ఇంకో జవాబు: పాపం, ఆ ప్రోటీన్‌ని విలన్ చేసేయకండి. అదొక కీమోకైన్, అంటే రోగనిరోధక కణాలకు కబురందించే రకం, ఇంకో పేరు సీఎక్స్‌సీఎల్4. ఎర్ర రక్తకణంలో దూరిన మలేరియా క్రిమిని కూడా చంపగలదు. 2021లో ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా తర్వాత అరుదుగా వచ్చిన గడ్డల్లోనూ యాంటీబాడీలు దీని మీదే, అక్కడ హెపారిన్ ఊసే లేదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. రిపోర్ట్ రేపొస్తుంది, ఈలోపు వేరే మందు మొదలుపెట్టారు.