పెట్టనికోట: ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

ప్రశ్న: ఎన్నికల వార్తల్లో “ఈ నియోజకవర్గం ఫలానా పార్టీకి పెట్టనికోట” అని తెగ రాస్తున్నారు. మా డెస్కులో దీని మీద రోజూ గొడవే. మాస్టారూ, ఈ వాడుక సరైనదేనా? ఇంకో సందేహం, కలిపి రాయాలా, విడదీయాలా?

జవాబు: నన్నడిగితే తప్పేనండీ. ఇక్కడ పెట్టడం అంటే నెలకొల్పడం. బడి పెట్టారు, కొట్టు పెట్టాడు అంటామే, అదే పెట్టడం. ఎవరూ కట్టకుండానే కోటలా కాపాడే కొండ, లోయ, నది, సముద్రం పెట్టనికోట. ఏళ్ల తరబడి జెండా మోసి, గడపగడపకూ తిరిగి సంపాదించుకున్న నియోజకవర్గం పెట్టనిది ఎలా అవుతుంది? చెమటోడ్చి పెట్టినదే కదా! దానికి కంచుకోట అనే మాట ఉండనే ఉంది.

దుర్గం అనే మాటలోనూ గోడ ప్రస్తావన లేదు, వెళ్లడానికి కష్టమైన చోటు అనే అర్థం. అందుకే కౌటిల్యుడు నీరు, కొండ, ఎడారి, అడవి, ఈ నాలుగింటి అండతో ఉన్నవాటిని ఔదకం, పార్వతం, ధాన్వనం, వనదుర్గం అని లెక్కపెట్టాడు. మనుస్మృతిలో ఆరు రకాలున్నాయి, పెద్దపీట మాత్రం గిరిదుర్గానికే.

ఇంకో పాఠకుడు: మాస్టారూ, ఆ ఆరింట్లో నృదుర్గం కూడా ఉంది కదా! మనుషులే కోట. మరి ఓటర్లు పార్టీకి పెట్టనికోట అంటే తప్పేముంది?

జవాబు: భలే పట్టారు. కానీ ఆ మనుషులకు తిండి పెట్టాలి, జీతం పెట్టాలి. పెట్టకపోతే ఆ కోట మర్నాటికి ఉండదు. కొండకు ఆ బాధ లేదు.

మరో పాఠకుడు: మాది జమ్మలమడుగు వైపు. మా గండికోట సంగతేంటి సార్? ఒక పక్క పెన్న కోసుకుపోయిన లోయ, అంచున నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ గోడలూ ఉన్నాయి, బురుజులూ ఉన్నాయి, వాకిట్లో ఇనుప మేకులు దిగ్గొట్టిన తలుపులూ ఉన్నాయి.

జవాబు: లోయ పెట్టనికోట, గోడ పెట్టిన కోట. రెండూ కలిస్తే గండికోట. లోయ ఉంది కదా అని గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులు నిశ్చింతగా పడుకోలేదు. అయినా 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడనుకోండి.

ఆ నిశ్చింతే ఎంత ప్రమాదమో కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) చూస్తే తెలుస్తుంది. మూడు పక్కలా సముద్రం, ఒక్క పడమర వైపే నేల. అటు 413 నాటికే థియోడోసియస్ చక్రవర్తి కాలంలో కొత్త గోడ లేచింది. తర్వాత దాని ముందు ఇంకో గోడ, ఆ ముందు దాదాపు 20 మీటర్ల వెడల్పు అగడ్త. లోపలి గోడకు 96 బురుజులు. 447లో భూకంపానికి 57 బురుజులు కూలితే, హూణుల రాజు అటిలా వస్తున్నాడన్న భయంతో రెండు నెలల్లో మళ్లీ నిలబెట్టారు. సముద్రం వైపు మాత్రం ఒంటి గోడే. గోల్డెన్ హార్న్ అనే ఇరుకు సముద్రపాయ మూతికి ఇనుప గొలుసు అడ్డం కట్టి సరిపెట్టుకున్నారు. 1204లో క్రూసేడర్లు నగరంలోకి జొరబడింది ఆ పాయ వైపు నుంచే. 1453 ఏప్రిల్‌లో ఒట్టోమన్ సుల్తాన్ మెహ్మెద్ గొలుసు దాటలేక పక్కదారి పట్టాడు. కొవ్వు పూసిన దుంగల మీద ఓడల్ని కొండెక్కించి, అవతల పాయలోకి దించాడు. నగరం పడింది నేలవైపు గోడ దగ్గరే, ఫిరంగుల దెబ్బకి. కానీ అసలే చాలని సైన్యంలో కొందరిని అప్పటికే పాయ వైపు కాపలాకి పంపాల్సి వచ్చింది. నీళ్లు తెచ్చిన టెన్షన్ అది.

ఓరుగల్లు పాఠకుడు: దీనికి సరిగ్గా ఎదురు మా ఓరుగల్లు. ఏకశిల అని పేరే గానీ కోట ఉన్నది మైదానంలో. కాబట్టి అంతా పెట్టాల్సిందే. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోట, రుద్రమదేవి హయాంలో పెరిగింది. బయట మట్టికోట, రెండింటికీ అగడ్తలు. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ దండయాత్ర గురించి రాస్తూ అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడకి రాతిగుండు తగిలితే ఎగిరి వెనక్కి వచ్చేదంటాడు. కవి కదా, కొంచెం తగ్గించుకుని చదువుకోవాలి. కానీ శత్రువు పక్షం వాడే మట్టిగోడని మెచ్చుకున్నాడంటే చూడండి!

జవాబు: బాగుంది. మొదటి ప్రశ్నలో రెండో సగం మిగిలిపోయింది. జాతీయంగా వాడితే కలిపి రాయండి, పెట్టనికోట. “వాళ్లు పెట్టని కోట, పక్క రాజు పెట్టాడు” లాంటి వాక్యంలో విడదీయండి. అన్నట్టు “నవ్వు ఆమెకు పెట్టని ఆభరణం” అన్నప్పటి పెట్టడం వేరు, అది నగ పెట్టుకోవడం లాంటిది. రెండూ ఒకటే అనుకుని కలిపేయకండి.

ప్రశ్న: ధన్యవాదాలండీ, కంచుకోట అని మార్పించాను. మీ ఊళ్లలో అగడ్త అంటారా, కందకం అంటారా? మా వైపు కందకమే వినిపిస్తుంది.