ఇంజన్ వేడెక్కిపోతోంది, రేడియేటర్ మాత్రం చల్లగా ఉంది. సాయం చేయండి

రెక్కలపిచ్చి: పొద్దుటి నుంచి షెడ్‌లోనే ఉన్నాను, ఓపిక అయిపోయింది. సొంతంగా కట్టుకుంటున్న విమానం. ఇంజన్ కాసేపు ఐడిల్‌లో ఉంచితే చాలు, టెంపరేచర్ 230 ఫారన్‌హీట్ దాటేస్తోంది. చెయ్యి పెట్టి చూస్తే రేడియేటర్ చల్లగా ఉంది! పంపు కొత్తది. గొట్టాలన్నీ విప్పి మళ్ళీ బిగించాను. కూలెంట్ నింపినప్పుడల్లా బుడగలు. ఎక్కడ తేడా వస్తోందో చెప్పండి ప్లీజ్.

షెడ్డుమనిషి: ఏ ఇంజన్? ఫొటో ఏది?

గాలిదారి: అందరూ రేడియేటర్ సైజు చూస్తారు, దానికి గాలి తెచ్చే డక్ట్‌ను పట్టించుకోరు. గాలి లోపలికి వచ్చే దారి చిన్నగా మొదలై మెల్లగా వెడల్పవ్వాలి. అప్పుడే వేగం తగ్గి, ఒత్తిడి పెరిగి, రేడియేటర్ మొత్తానికీ గాలి సమానంగా అందుతుంది. 1935లోనే బ్రిటన్‌లో మెరెడిత్ అనే ఇంజనీరు ఇది లెక్కగట్టి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-51 మస్టాంగ్ ఫైటర్ విమానం పొట్ట కింద ఉన్నది అదే. ముందు మీ డక్ట్ కొలతలు పెట్టండి.

షెడ్డుమనిషి: విమానం ఇంకా నేల మీదే ఉందండీ. రేడియేటర్ చల్లగా ఉందంటే వేడి నీళ్ళే అందులోకి రావడం లేదు.

రెక్కలపిచ్చి: సుబారు ఈజే25 ఇంజన్, కారులోంచి తీసింది. క్యాబిన్ హీటర్ అక్కర్లేదని ఆ రెండు పైపులకూ మూతలు వేసేశాను. వేడికి ఉబ్బిన కూలెంట్ పట్టే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ఇంజన్ వెనక గోడ (ఫైర్‌వాల్) మీద ఉంది.

పాతసుబారు: ఆ మూతలు తీసేయండి. ఈజేలో థర్మోస్టాట్, అంటే వేడికి తెరుచుకునే వాల్వు, ఉండేది పంపులోకి నీళ్ళు వచ్చే వైపు. హీటర్ దారిలో తిరిగొచ్చే వేడి నీళ్ళు తగిలితేనే అది సరిగ్గా తెరుచుకుంటుంది. ఆ దారి మూసేస్తే లోపల మరుగుతున్నా దానికి తెలియదు. రెండు పైపులనూ ఒక గొట్టంతో కలపండి. ఇంకొకటి, ఇది తోకచక్రం విమానమా?

రెక్కలపిచ్చి: అవునన్నా, టెయిల్‌డ్రాగర్.

పాతసుబారు: అయితే నేల మీద ముక్కు పైకెత్తి ఉంటుంది. ప్రొపెల్లర్ వైపు ఎత్తయి, వెనకున్న ట్యాంకు దానికంటే కిందికి పోతుంది. గాలి ముందువైపే చిక్కుకుంటుంది. తోకను స్టాండ్ మీద పెట్టి, విమానం సమంగా ఉన్నప్పుడు కూలెంట్ నింపండి. ముందువైపు అన్నిటికన్నా ఎత్తయిన చోటు నుంచి ట్యాంకు పైభాగానికి, గాలి బయటపడేలా సన్నటి బ్లీడ్ లైన్ వేయండి. ట్యాంకు రెండు భంగిమల్లోనూ పైనే ఉంటే ఇంకా మంచిది. వేడి మీద మాత్రం మూత తీయొద్దు.

షెడ్డుమనిషి: అది ఎక్స్‌పాన్షన్ ట్యాంకా, ఓవర్‌ఫ్లో బాటిలా?

రెక్కలపిచ్చి: రెండూ ఒకటే కదా?

షెడ్డుమనిషి: కాదు. ప్రెషర్ క్యాప్‌కి లోపల ఉన్నది ట్యాంకు, బయట ఉన్నది బాటిల్. బాటిల్‌లో ఒత్తిడి ఉండదు. 10,000 అడుగుల ఎత్తులో మామూలు నీళ్ళు 193 ఫారన్‌హీట్‌కే మరుగుతాయి, లోపల ఒత్తిడి నిలిపి అక్కడ కాపాడేది ఆ క్యాపే.

మేఘాలపైన: ఆ ఎక్స్‌పాన్షన్ ట్యాంకునే మేం హెడర్ ట్యాంక్ అంటాం. అయినా గాలితోనే చల్లబడే లైకమింగ్ విమాన ఇంజన్ పెట్టుకుంటే నీళ్ళ గొడవే ఉండదు.

గాలిదారి: డక్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు. గాలి బయటికి వెళ్ళే దారి ఎంత?

రెక్కలపిచ్చి: హీటర్ పైపులు కలిపి, తోక ఎత్తి నింపాను. రేడియేటర్ వేడెక్కింది, టెంపరేచర్ 195 దగ్గర నిలబడింది. థాంక్స్ అన్నా.

షెడ్డుమనిషి: క్యాప్ ఎంత ఒత్తిడి ఆపుతుంది, ఎన్ని పీఎస్ఐ?