కుక్కకు వాంతులు, విరేచనాలు: ఇంట్లో ఎంతవరకు చూడవచ్చు, వైద్యుడి దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

తెల్లచెవి:
మా లాబ్రడార్‌కు ఐదేళ్లు. కొంతకాలంగా తెల్లవారుజామున పసుపుపచ్చని పసరు నురుగు కక్కి, ఆ తరువాత ఏమీ జరగనట్టు తిని తిరుగుతోంది. నిన్నటి నుంచి మాత్రం విరేచనం పలుచనై, మాటిమాటికీ కొద్దికొద్దిగా పోతూ, చివరలో జిగురు, ఒకటి రెండు ఎర్రని చారలు కనిపిస్తున్నాయి. దాని ఆహారం కూడా ఈమధ్యే మార్చాము. పసరుకూ విరేచనానికీ సంబంధం ఉందా? ఒక రోజు వేచి చూడవచ్చా, వెంటనే వైద్యుడికి చూపించాలా?

పహరా:
దీనికి వైద్యుడెందుకండీ? లంఖణం పరమౌషధమని పెద్దలు ఊరికే అనలేదు. ఒక పగలూ ఒక రాత్రీ అన్నం, నీళ్లు రెండూ ఆపివేయండి. కడుపు ఖాళీ అయితే రోగం తానే పోతుంది. నేను పెంచిన కుక్కలన్నిటికీ ఇదే పద్ధతి, వాటిలో ఒక్కటీ సూదిమందు ఎరుగదు.

చిన్నికూన:
నీళ్లు ఆపమనడం దారుణం, పహరా గారూ. వాంతిలోనూ విరేచనంలోనూ ఒంట్లోని నీరు, లవణాలు పోతూ ఉంటే తాగే గిన్నె కూడా తీసివేస్తారా? గబగబా తాగి కక్కేస్తుంటే కొంచెం కొంచెంగా తరచుగా పట్టాలి గాని అసలు ఆపకూడదు. కూనలకైతే అన్నం ఆపడం కూడా ప్రమాదమే, రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి. మా కూనకు టీకాలు పూర్తికాకముందే పార్వో (పేగులను దెబ్బతీసే ప్రాణాంతక వైరస్) సోకినప్పుడు "రేపటిదాకా పస్తు పెట్టి చూడండి" అన్నవారు మాకూ ఉన్నారు. మేము వినలేదు. నెత్తుటి విరేచనం కనిపించిన పూటే తీసుకెళ్లాము, మలపరీక్షలో నిమిషాల్లోనే తేలింది, సెలైన్ ఎక్కించారు, బతికింది. ఆరు నెలల లోపు కూన వాంతులు చేసుకుంటూ తిండి మానేస్తే వేచి చూడడమనే మాటే ఉండకూడదు.

పహరా:
అడిగినది ఐదేళ్ల కుక్క గురించి, మీరు రాసినది కూన గురించి. వేట దొరకని రోజున తోడేలు పస్తుండదా?

చిన్నికూన:
ఉంటుంది, చస్తుంది కూడా. చచ్చినవాటి లెక్క ఎవరూ మీకు చెప్పలేదు, అంతే.

నాడిపట్టు:
పశువైద్యశాలలో సహాయకుడిగా నా జీవితంలో సగం గడిచింది కాబట్టి, ఇక్కడ రాస్తున్నవారందరికంటే ఎక్కువ కుక్కల మలం చూసినవాడినని ధైర్యంగా చెప్పుకోగలను. తెల్లచెవి గారు వర్ణించినది పెద్దపేగు తీరు. ముక్కుతూ కొద్దికొద్దిగా పోవడం, జిగురు, తాజా నెత్తురు దాని గుర్తులు. చిన్నపేగు చెడితే పోయినప్పుడల్లా ఎక్కువగా పోతుంది, క్రమంగా బరువు తగ్గుతుంది, కడుపులోనో చిన్నపేగులోనో కారిన నెత్తురు జీర్ణమై నల్లగా, జిగటగా వస్తుంది. ఎరుపును చూసి అందరూ బెదిరిపోతారు గాని నలుపును పట్టించుకోరు. నన్నడిగితే నలుపుకే ముందు పరుగెత్తాలి.

పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపే మళ్లీ గులాబీ రంగుకు రావాలి. అంతకంటే ఆలస్యమైనా, చిగుళ్లు తడిగా కాక జిగటగా తగిలినా, పాలిపోయినా ఇక ఇంట్లో చేయవలసినది ఏమీ లేదు, బయలుదేరడమే.

పస్తు సంగతికి వస్తే, పెద్ద కుక్కకు 12 నుంచి 24 గంటలు అన్నం ఆపమని పాత పద్ధతిలో చెప్పిన మాట నిజమే, నీళ్లు మాత్రం ఆపకూడదు. ఒట్టి విరేచనాలకు ఇప్పుడు చాలామంది వైద్యులు ఆ పస్తు కూడా వద్దంటున్నారు, ఎందుకంటే లోపలికి ఆహారం అందుతూ ఉంటేనే పేగు గోడ త్వరగా కోలుకుంటుంది. కొవ్వు లేని ఉడికించిన మాంసం, మెత్తని అన్నం కొద్దికొద్దిగా పెట్టమంటారు.

పహరా:
నిన్న ఆపమన్న వైద్యులే నేడు పెట్టమంటున్నారు, రేపు మళ్లీ ఆపమంటారు. నా పద్ధతి మాత్రం మారలేదు.

నాడిపట్టు:
మారకపోవడమే దాని లోపం.

మేడమీద:
మీ పోట్లాట తరువాత తీర్చుకోండి. ఇంట్లో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మిగిలి ఉంది, మనం విరేచనాలకు వాడే లోపెరమైడ్ కూడా ఉంది. ఒకటి వేస్తే సరిపోదా? మాది గడ్డి తిని కక్కుతుంది, దానికీ ఇదే మందు పనిచేస్తుందా?

నాడిపట్టు:
దయచేసి వేయకండి. కోలీ వంటి కొన్ని జాతులలో ఎండీఆర్1 జన్యులోపం ఉన్న కుక్కలకు లోపెరమైడ్ మెదడులోకి చేరి మత్తు కమ్ముతుంది. మెట్రోనిడజోల్ మోతాదు మించితే కుక్క తూలుతుంది, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. మామూలు విరేచనం అది లేకుండానే తగ్గుతుంది. కడుపునొప్పికని మనుషుల నొప్పి మాత్ర ఇబుప్రోఫెన్ ఇచ్చి, పుండ్లు పడిన కడుపుతో తెచ్చినవారిని కూడా చూశాను.

జాగిలం:
మీరంతా వాంతి గురించే రాస్తున్నారు, వాంతి రాకపోవడం అంతకంటే భయంకరం. మా గ్రేట్ డేన్ ఒక రాత్రి తిన్న తరువాత ఓకరింపులతో ఒళ్లంతా కుదిపేసుకుంటున్నా తెల్లని చొంగ తప్ప ఏమీ రాలేదు, పడుకోలేక తిరుగుతూనే ఉంది, పక్కటెముకల వెనుక పొట్ట బిగిసిపోయింది. జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలితిరిగింది. తెల్లవారేదాకా ఆగి ఉంటే దక్కేది కాదని శస్త్రచికిత్స చేసిన వైద్యుడే చెప్పాడు. మళ్లీ తిరగకుండా జీర్ణాశయాన్ని పొట్ట గోడకు కలిపి కుట్టారు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల యజమానులు పస్తు, అన్నం తగాదా కంటే ముందు దీనిని గుర్తుంచుకోవాలి.

నూలుపోగు:
ఏమి మింగిందో ఎవరూ అడగలేదు. మేజోళ్లు, దారాలు, మొక్కజొన్న కండెలు, ఉడికిన ఎముకలు పేగుకు అడ్డం పడితే తాగిన నీళ్లు కూడా నిలవవు. నోటి నుంచి గాని వెనుక నుంచి గాని దారం వేలాడుతుంటే లాగకండి, లోపల పేగు కోసుకుపోతుంది. మా ఇంటికి వచ్చిన ఒకరు సహాయం చేద్దామని లాగబోతే చేయి పట్టుకుని ఆపవలసి వచ్చింది.

తెల్లచెవి:
అందరికీ కృతజ్ఞతలు. చిగుళ్లు బాగానే ఉన్నా తాజా మలం డబ్బాలో పట్టుకుని వెళ్లాము. పసరు వేరు, విరేచనం వేరు అన్నారు. రాత్రి భోజనానికీ ఉదయం భోజనానికీ మధ్య ఎడం ఎక్కువైతే ఖాళీ కడుపులోకి పసరు ఎగదన్ని వస్తుందట, పడుకునే ముందు కొద్దిగా పెట్టమన్నారు. మలంలో విప్‌వార్మ్ (పెద్దపేగులో ఉండే కొరడా పురుగు) గుడ్లు కనిపించాయి, ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు ఇచ్చారు. ఇదివరకు మేము వాడిన పైరాంటెల్ ఆ పురుగు మీద పనిచేయదట. కొత్త ఆహారాన్ని వారం, పది రోజుల మీద పాతదానిలో కలుపుతూ మార్చాలన్నారు.

చిన్నికూన:
మూడు నెలల దగ్గర మళ్లీ మందు వేయించండి, ఆరంభ దశలో ఉన్న పురుగులు ఎదిగేందుకు దాదాపు అంత కాలం పడుతుంది. అది తిరిగే చోట మలం రోజూ ఎత్తివేయండి, ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి.

పహరా:
పస్తు పెట్టి ఉంటే ఆ పురుగు కూడా చచ్చేది.

నాడిపట్టు:
అది తినేది పేగు గోడలోని నెత్తురు, గిన్నెలోని అన్నం కాదు.

మేడమీద:
గడ్డి సంగతి ఎవరూ చెప్పలేదు.