ఎరికా బడూ: ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

వెన్నెలరాగం: ‘ఆన్ అండ్ ఆన్’ పాట విన్నప్పటి నుంచి అమెరికా గాయని ఎరికా బడూ గొంతు నన్ను వదలడం లేదు. 1997 నాటి ‘బడూయిజమ్’, 2000 నాటి ‘మామాస్ గన్’, ఈ రెండింటిలో ఏది ముందు వినాలి? ఆమె పాటలో జాజ్, సోల్, గాస్పెల్ (నల్లజాతి చర్చి భక్తిగీతాలు), హిప్‌హాప్ ఎక్కడెక్కడ కలుస్తున్నాయో తెలిసినవారు చెప్పగలరా?

డాలస్‌వాసి: ఆమె పుట్టిన ఊళ్లోనే ఉంటున్నాం, అయినా ఇక్కడి తెలుగువారి సభల్లో ఆమె పేరెత్తితే ఎవరూ గుర్తుపట్టకపోవడం నాకు ఎప్పటి నుంచో బాధ. ముందు 1997లోనే వచ్చిన కచేరీ ఆల్బమ్ ‘లైవ్’ వినండి. అందులోని ‘టైరోన్’ పాటలో ఆమె ఒక్కో మాట విసరగానే శ్రోతలు కేకలతో అందుకుంటారు, నల్లజాతి చర్చిలో బోధకుడికి సంఘమంతా బదులు పలికే తీరు అదే.

ఘటలయ: చిన్ననాటి నుంచి మృదంగం సాధన చేసినవాడిని కనుక సూటిగా చెబుతున్నాను. ‘మామాస్ గన్’లో డ్రమ్స్ చాలాచోట్ల వెనకబడుతున్నాయి. గొంతు గొప్పదే, కాలప్రమాణం మాత్రం నిలవలేదు.

కిక్‌స్నేర్: దయచేసి మళ్లీ వినండి. ఇలా తాళానికి కాస్త వెనకగా వాయించినందుకే ఒక పెళ్లి కచేరీలో నన్ను అందరి ముందూ తప్పుబట్టారు, అందుకే ఈ మాట నన్ను గుచ్చుతుంది. ‘మామాస్ గన్’లో వాయించినవారిలో ‘ది రూట్స్’ అనే హిప్‌హాప్ బృందం డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ ఉన్నారు. డెట్రాయిట్‌కు చెందిన హిప్‌హాప్ నిర్మాత జె డిల్లా, డ్రమ్ మెషీన్‌లో దెబ్బలను సమానంగా సర్దే సౌకర్యాన్ని తరచుగా ఆపేసి వేళ్లతోనే వాయించేవారు. ఆ వదులును క్వెస్ట్‌లవ్ పట్టుబట్టి తన చేతుల్లోకి తెచ్చుకున్నారు. అది పొరపాటు ఎలా అవుతుంది?

ఘటలయ: మీ పెళ్లి కచేరీ సంగతి నాకెందుకు? పాటను తాళం దెబ్బకు ముందో వెనకో ఎత్తుకునే అతీతం, అనాగతం మా కర్ణాటక సంగీతంలోనూ ఉన్నాయి. వాటిలో ఎత్తుగడ చోటు మారుతుంది గానీ తాళం చెదరదు.

కిక్‌స్నేర్: ఇక్కడా చెదరదు! కాలితో తాళం వేసుకుంటూ వినండి, ప్రతి ఆవర్తం (తాళం ఒక చుట్టు) మొదట్లో అందరూ ఒక్కచోటికే చేరుతున్నారు. మృదంగం నేర్చినంత మాత్రాన ఆ వాద్యకారులకు లయ నేర్పబోవడం అహంకారం.

పాతరికార్డు: ఇద్దరూ మర్యాద తప్పకండి. అసలు కింది స్వరాలు పలికే బేస్‌ను మీరు పట్టించుకోలేదు. 1960లలో జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ బృందంలో ఉన్న రాన్ కార్టర్, ‘బడూయిజమ్’లోని ‘డ్రామా’కు డబుల్ బేస్ వాయించారు. ‘మామాస్ గన్’లోని ‘క్లీవా’లో రాయ్ ఎయర్స్ వైబ్రఫోన్ (కర్రలతో లోహపు పలకలపై వాయించే వాద్యం) వినిపిస్తుంది. జాజ్ పెద్దలే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. అయినా పాతతరం జాజ్ గాయని బిల్లీ హాలిడే పోలికతో సరిపెట్టే వ్యాసాలు చదివి విసిగిపోయాను.

డాలస్‌వాసి: ఆ పోలికను అంత తేలిగ్గా తోసెయ్యకండి. మాటను తాళానికి కాస్త ఆలస్యంగా వదిలే అలవాటు ఇద్దరిలోనూ ఉంది.

ఘటలయ: గాయని ఆలస్యాన్ని నేను తప్పనలేదు. ఆమె వెనక్కి తగ్గాలంటే కింద తాళం నిలబడాలి గదా?

కిక్‌స్నేర్: ఆ నిలకడ బేస్ ఇస్తోంది. పాతరికార్డు గారు చెప్పినది అదే.

వెన్నెలరాగం: నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

పాతరికార్డు: ‘బడూయిజమ్’ మొదటి పాట ‘రిమ్‌షాట్’తో మొదలుపెట్టండి. డ్రమ్ అంచుకు కర్ర తగిలిన టక్కుమనే చప్పుడునే ఆమె పాటగా మలిచారు. ఆ తర్వాత ‘మామాస్ గన్’లో డిల్లా రూపొందించిన ‘డిడంట్ చా నో’ వినండి. అందులో తిరిగే ముక్కను ‘తారికా బ్లూ’ అనే జాజ్ బృందం పాత రికార్డు నుంచి తీసుకున్నారు.

కిక్‌స్నేర్: సోల్ గాయకుడు డి’యాంజెలో పేరు ఒక్కరూ ఎత్తలేదే? 2000లోనే వచ్చిన ఆయన ఆల్బమ్ ‘వూడూ’ కూడా, ‘మామాస్ గన్’లాగే, న్యూయార్క్‌లో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కట్టించిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలోనే తయారైంది. ఘటలయ గారూ, అది విన్నాక లయ గురించి మళ్లీ మాట్లాడదాం.