విశాఖ సంక్రాంతి సభ: హాలువాళ్లు 63 ఆంపియర్లు ఇవ్వం అంటున్నారు

సమన్వయం (లండన్): శుక్రవారంలోగా తేలాల్సినవి: ముగ్గుల పోటీ పేర్లు, విమానాశ్రయానికి కార్లు, బ్యానర్ ప్రూఫు, భోజనాల లెక్క. వీటికన్నా ముందు ఇది చూడండి. బీచ్ రోడ్డు హాలువాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. స్టేజికి త్రీఫేజ్ 32 ఆంపియర్లే ఇస్తారట. మనం ఇక్కణ్ణుంచి పంపిన డిస్ట్రిబ్యూషన్ బాక్సును వాళ్ల ప్యానెల్‌కి కలపనివ్వరట కూడా.

వేదిక (లండన్): ఏటండీ ఇది? అడ్వాన్సు తీసుకున్నప్పుడు 63 అన్నారు! ప్యానెల్ బస్‌బార్ (లోపలి మెయిన్ కరెంటు పట్టీ) నుంచి నేరుగా కేబుల్ లాగేయమనండి.

కరెంటు (గాజువాక): అన్నయ్యా, ఆ మాట మళ్లీ అనకండి. బస్‌బార్ మీద వేస్తే మన 16 స్క్వేర్ ఎంఎం కేబుల్‌కి ముందున్నది హాలు మెయిన్ బ్రేకరొక్కటే. మన కేబుల్ కాలిపోతున్నా అది పడకపోవచ్చు, అంటే కరెంటు ఆపకపోవచ్చు. పిల్లలు ఆడే స్టేజి అది. అలా అయితే నేను చెయ్యి పెట్టను.

వేదిక: మరి మనకు కావాల్సిన 33 కిలోవాట్లు 32 ఆంపియర్లలో ఎలా పడతాయో నువ్వే చెప్పు!

కరెంటు: పడవు. 400 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లంటే 22 కేవీఏ, అంటే మహా అయితే 22 కిలోవాట్లు. మనకున్నవి కిలోవాట్లలో సౌండ్ 6, ఎల్ఈడీ వాల్ 6, పార్ క్యాన్లు (స్టేజి లైట్లు) 12, ఇండక్షన్ పొయ్యిలు 9.

కోశాధికారి: జనరేటర్ మాత్రం వద్దు. అద్దె, డీజిల్, ఆపరేటరు... ఆ డబ్బు భోజనాల పద్దులోంచి తీయాలి. నేను తీయను.

వంట (ఎంవీపీ కాలనీ): పొయ్యిలు తీసేయండి నాయనా. అరిసెల మూకుడుకి మంటే కావాలి. హాలు వెనక రేకుల షెడ్డు మూడు వైపులా తెరిచే ఉంది, కమర్షియల్ సిలిండర్లు అక్కడ పెట్టుకుంటాం.

లైటింగ్ (మధురవాడ): 1000 వాట్ల పార్ క్యాన్లు 12 కూడా వద్దు. 200 వాట్ల ఎల్ఈడీ పార్లు 12 పెడితే 2.4 కిలోవాట్లతో సరి. డిమ్మర్లు ఉండవు కాబట్టి సౌండ్‌లో ఆ గుయ్ మనే రొద కూడా తగ్గుతుంది.

కరెంటు: అయితే మొత్తం 14.4 కిలోవాట్లు. ఫేజులు మూడు: ఆర్, వై, బీ. సౌండంతా ఒకే ఫేజు మీద, ఆర్ మీద: 26 ఆంపియర్లు. ఎల్ఈడీ వాల్‌ని, లైట్లని సగం వై మీద, సగం బీ మీద వేస్తే ఒక్కోదాని మీద 18. వాల్‌ని ఒకే ఫేజు మీద పెట్టకూడదు. అందులో 24 పవర్ సప్లైలున్నాయి, ఒక్కోటి ఒక మిల్లీఆంపియర్ లీకైనా 24 అవుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్చి) 15 దాటితే ఎప్పుడైనా పడొచ్చు. అందుకే సగాలకి వేర్వేరు ఆర్‌సీబీఓలు (లీకేజీకీ, ఓవర్‌లోడుకీ పడే బ్రేకర్లు). సముద్రపు తేమ కూడా దీనికి తోడవుతుంది, స్టేజి బాక్సుల సాకెట్ మూతలు తెరిచి ఉంచకండి.

సమన్వయం: హాలు ఎలక్ట్రీషియన్ గారు ఒప్పుకుంటారా?

కరెంటు: ఇప్పుడే మాట్లాడాను. ఆయన భయం రంగుల గురించి, అది నిజమైన భయమే. లండన్ నుంచి పంపిన మన బాక్సులో నీలం న్యూట్రల్, నలుపు ఫేజు. ఆ హాలు వైరింగులో నీలం ఫేజు, నలుపు న్యూట్రల్. రంగు చూసి కలిపేస్తే రెండు ఫేజుల మీది సాకెట్లకి 230 బదులు 400 వోల్టులు వస్తాయి. ఆంప్లిఫయర్లు, వాల్ అక్కడికక్కడే పోతాయి. కాబట్టి ప్యానెల్ మనం ముట్టుకోం. ఆయనే 32 ఆంపియర్ల ఎర్ర ఐదు పిన్నుల సాకెట్ బిగించి, దాని వెనక 100 మిల్లీఆంపియర్ల టైమ్ డిలే (కాస్త ఆగి పడే) ఆర్‌సీసీబీ పెడతారు. 30 మిల్లీఆంపియర్లవి మన స్టేజి బాక్సుల్లో ఉంటాయి. అప్పుడు లీకేజీ ఏ బాక్సులో జరిగితే ఆ బాక్సే పడుతుంది, హాలంతా చీకటవదు. షార్టయితే మాత్రం మన 16 ఆంపియర్ల బ్రేకరు, వాళ్ల 32 ఆంపియర్లది రెండూ కలిసి పడొచ్చు.

వేదిక: సరే తమ్ముడూ, నువ్వన్నట్టే. మన బాక్సుకున్నది 63 ప్లగ్గు కదా, 32 ప్లగ్గు నుంచి 63 సాకెట్‌కి అడాప్టర్ నేను తెస్తాను.

కరెంటు: తప్పకుండా తీసుకురండి. ఆ రోజు ఉదయం మన బ్రేకర్లన్నీ దించి, ప్లగ్గు పెట్టి, ముందు మీటరుతో చూస్తాం: ఫేజు-న్యూట్రల్ మూడూ 230 దగ్గర, ఫేజు-ఫేజు 400 దగ్గర, న్యూట్రల్-ఎర్త్ దాదాపు సున్నా. తర్వాత ప్రతి ఆర్‌సీబీఓ టెస్ట్ బటన్ నొక్కాలి. ఇవన్నీ అయ్యేదాకా ఎవరూ ఏ ప్లగ్గూ పెట్టొద్దు, ఫోన్ చార్జర్ కూడా.

కోశాధికారి: ఎల్ఈడీ పార్ల అద్దె ఎంతో రాత్రికి చెప్పండి, పంపిస్తాను.