బయటికి పంపిన ప్రొటీన్ కొట్టుకుపోకుండా బ్యాక్టీరియా దాన్ని గోడకు ఎలా అతికిస్తుంది?

సెమినార్_టెన్షన్:
అందరికీ నమస్తే. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా మీద సెమినార్ ఇవ్వాలి, ఒక్కచోట బుర్ర ఆగిపోయింది. దాని ఉపరితలం మీద ఉండే ప్రొటీన్-ఏ నే తీసుకోండి. రైబోజోమ్ మీద తయారవుతుంది, ముందున్న సిగ్నల్ పెప్టైడ్ సాయంతో పొరలో ఉండే సెక్ అనే ద్వారం గుండా కణపొర దాటుతుంది, అక్కడ ఆ సిగ్నల్ తెగిపోతుంది. ఇంతవరకు అర్థమైంది. ఆ తర్వాత అది చుట్టూ ఉన్న ద్రవంలో కలిసిపోవాలి కదా? పోదట, కణగోడకు సమయోజనీయ బంధంతో అతుక్కుంటుందట. బంధం కట్టాలంటే శక్తి కావాలి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ మొత్తం లోపలే ఉంది, పొర అవతల ఏమీ లేదు. మరి శక్తి ఎక్కడిది? మా నోట్స్‌లో "సార్టేజ్ అతికిస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

గోడకట్టు:
మంచి ప్రశ్న, చాలామంది ఇది అడక్కుండానే పరీక్ష పాసైపోతారు.

ముందు అది ఎందుకు కొట్టుకుపోదో చూడండి. ప్రొటీన్ చివర (సీ-టెర్మినల్ వైపు) మూడు ముక్కలు వరసగా ఉంటాయి: ఎల్‌పీఎక్స్‌టీజీ అనే గుర్తు, అంటే ల్యూసిన్, ప్రొలీన్, ఏదో ఒక అమైనో ఆమ్లం, థ్రియోనిన్, గ్లైసిన్, దాని వెనక నీళ్లంటే పడని పొడుగాటి భాగం, ఆఖర్న ధనావేశం ఉన్న చిన్న తోక. ఒళ్లంతా బయటికొచ్చేసినా, తలుపు సందులో కొంగు ఇరుక్కున్నట్టు ఈ చివర మాత్రం పొరలో చిక్కుకుని ఉంటుంది. తోక తీసేసి చూస్తే ప్రొటీన్ నేరుగా ద్రవంలోకి పోయింది.

అలా ఆగినప్పుడు, పొరలోనే పాతుకుని ఉండే సార్టేజ్-ఏ అనే ఎంజైమ్ వచ్చి థ్రియోనిన్‌కీ గ్లైసిన్‌కీ మధ్య కోస్తుంది. మీ శక్తి లెక్క ఇక్కడే తేలుతుంది. ప్రొటీన్లను కోసే మామూలు ఎంజైమ్ (ప్రొటియేజ్) అయితే కోసిన చోట నీటి అణువు చేరి కథ ముగుస్తుంది, బంధంలో ఉన్న శక్తి వృథా. సార్టేజ్ అలా చెయ్యదు, తన 184వ స్థానంలో ఉన్న సిస్టీన్ గంధకంతో ఆ థ్రియోనిన్‌ను పట్టేసుకుంటుంది, థయోఎస్టర్ అనే బంధం ఏర్పడుతుంది. అంటే తెగిన పెప్టైడ్ బంధం శక్తి దాదాపుగా ఆ థయోఎస్టర్‌లోనే ఉండిపోతుంది. తర్వాత పొరలో ఉండే లిపిడ్-2 అనే అణువు మీద ఉన్న అయిదు గ్లైసిన్ల గొలుసు చివరి అమైనో గ్రూపు వచ్చి ఆ థయోఎస్టర్ మీద దాడి చేస్తుంది, కొత్త పెప్టైడ్ బంధం ఏర్పడుతుంది, ఎంజైమ్ బయటపడుతుంది. ఒక బంధం తెంచి ఇంకో బంధం కట్టడం, అంతే. విడిగా ఏటీపీ అక్కర్లేదు.

సెమినార్_టెన్షన్:
సూపర్ అండీ, థాంక్స్. కానీ లిపిడ్-2 అన్నారు, గోడ అనలేదు. గోడ అప్పటికే కట్టేసి ఉంటుంది కదా?

గోడకట్టు:
కట్టేసిన గోడకు కాదు, ఇంకా గోడలో చేరని ముడిసరుక్కి అతికిస్తుంది. ఆ లిపిడ్-2 తర్వాత ప్రొటీన్‌తో సహా పెప్టిడోగ్లైకాన్‌లో, అంటే గోడ అల్లికలో, చేరిపోతుంది. ఇంకో విషయం, గోడలో అడ్డ బంధాలు వేసే ఎంజైములదీ ఇదే ఎత్తు: రెండు డి-అలనిన్ల మధ్య బంధం తెంచి, ఆ శక్తితోనే కొత్త బంధం వేస్తాయి. పెనిసిలిన్ దెబ్బకొట్టేది అక్కడే. వాటికీ బయట ఏటీపీ దొరకదు మరి.

జెల్_రన్నర్:
పైన చెప్పింది కరెక్టే, కానీ ఇది చదివి ఉపరితల ప్రొటీన్లన్నీ ఇలాగే అని సెమినార్‌లో చెప్పకండి, ఎవరో ఒకరు లేచి అడుగుతారు. న్యుమోకాకస్‌లో కొన్ని ప్రొటీన్లు గోడలోని టైకోయిక్ ఆమ్లాల మీది కోలిన్ అనే చిన్న అణువును పట్టుకుని ఉంటాయి, సమయోజనీయ బంధమేమీ ఉండదు, కోలిన్ ఎక్కువగా పోస్తే ఊడొస్తాయి. లిపోప్రొటీన్లది ఇంకో దారి, మొదటి సిస్టీన్‌కు కొవ్వు తగిలించుకుని పొరలో దిగబడి ఉంటాయి. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్‌ల సంగతి మొదలెడితే రేపటిదాకా సాగుతుంది.

ఏది నిజంగా బంధంతో అతుక్కుందో తేల్చేది ప్రొటీన్లను సైజువారీగా విడదీసే జెల్. కణాలను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో మరిగించండి, ఊరికే అంటుకున్నవి వచ్చేస్తాయి, ప్రొటీన్-ఏ రాదు. అయిదు గ్లైసిన్ల గొలుసును కోసే లైసోస్టాఫిన్ వేస్తే వస్తుంది, ఒకే చక్కటి బ్యాండ్‌గా. అదే గోడలోని చక్కెర గొలుసును కోసే మ్యుటానోలైసిన్ వేసి చూడండి, బ్యాండ్లు మెట్లుమెట్లుగా వస్తాయి, ఎందుకంటే ఒక్కో ప్రొటీన్‌కు ఒక్కో సైజు గోడ ముక్క తగులుకుని ఉంటుంది. ఈ బొమ్మ ఒక్కటి స్లైడ్‌లో పెట్టండి, పది బుల్లెట్ పాయింట్ల కన్నా నయం.

సెమినార్_టెన్షన్:
తప్పకుండా పెడతా. ఆఖరి ప్రశ్న, సార్టేజ్ లేకపోతే బ్యాక్టీరియా చచ్చిపోతుందా?

జెల్_రన్నర్:
చావదు. ఓలాఫ్ ష్నీవిండ్ ల్యాబ్ 1999లో ఈ ఎంజైమ్ జన్యువును పట్టుకుంది, తర్వాత ఆ జన్యువు తీసేసిన స్టాఫ్‌ను ఫ్లాస్కులో పెంచితే హాయిగానే పెరిగింది. ఎలుకల్లోకి ఎక్కిస్తే మాత్రం జబ్బు చేసే సత్తా బాగా తగ్గిపోయింది, యాంటీబాడీని తోకవైపు పట్టుకుని పనికి రాకుండా చేసే ప్రొటీన్-ఏ లాంటివి గోడ మీద లేవు కదా. అందుకే దీన్ని అడ్డుకునే మందుల కోసం అంత వెతుకులాట, చంపకుండా నిరాయుధం చేస్తే నిరోధకత పెరిగే ఒత్తిడి తగ్గుతుందని ఆశ. ఆసుపత్రిలో వాడే మందుగా మాత్రం ఇంకా ఏదీ రాలేదు.