కౌలు తోటకు డ్రిప్ రాయితీ ఎలా?

పొదలకూరు నిమ్మరైతు:
సొంత భూమి ఎకరన్నర. దాని పక్కనే నాలుగు ఎకరాల నిమ్మతోట కౌలుకు చేస్తున్నాను. యజమాని బెంగళూరులో ఉంటారు. ఎండాకాలంలో బోరు ఆగి ఆగి పోస్తుంది. పాదులకు పారించే నీటిలో సగం దారిలోనే ఇంకిపోతుంది, మొదళ్ల దగ్గర నిలిచి బంక తెగులు కూడా వస్తోంది. డ్రిప్ వేస్తే ఉన్న నీటితోనే తోట నిలబడుతుంది. కానీ పాసు పుస్తకం ఎవరి పేరున ఉంటే వారే దరఖాస్తు చేయాలట. నాకు కౌలు కార్డు ఉంది, అది చాలదా? నీళ్లు పొదుపు చేసేది నేనైనప్పుడు ఆ సాయం నాకెందుకు రాదు?

వింజమూరు మెట్ట:
చాలదన్నా. మన రాష్ట్రం తెచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే ఆ కార్డు గడువు 11 నెలలే. డ్రిప్ పథకం కేంద్ర మార్గదర్శకాలు కౌలు భూమిని కాదనవు గానీ, కనీసం 7 ఏళ్ల ఒప్పందం ఉండాలంటాయి. మా వైపు ఏడేళ్లకు కాగితం రాసిచ్చిన యజమానిని నేను చూడలేదు. భూమి పోతుందన్న భయంతో 11 నెలల కార్డుకు కూడా సంతకం పెట్టరు. కౌలుదారుకు భూమిపై హక్కేమీ రాదని ఆ చట్టంలోనే ఉందని చెప్పినా నమ్మరు.

యజమాని పేరునే దరఖాస్తు పెట్టించండి. అయితే రాయితీ పోను మిగిలే రైతు వాటా మీరు కట్టే ముందు తోట ఎన్నేళ్లు మీ చేతిలో ఉంటుందో రాయించుకోండి. లేకపోతే మీ డబ్బుతో వేసిన పైపులు వచ్చే ఏడాది ఇంకొకరి సాగుకు పనికొస్తాయి.

ఉదయగిరి అక్క:
డ్రిప్ ఒక్కటే కాదు తమ్ముడూ. రాయితీ మీద జీలుగ, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట ఎరువు పైర్ల విత్తనాలు ఇస్తారు. సొంత చేలో చల్లి కలియదున్నుతాను, కౌలు చేలో చల్లను. వచ్చే ఏడు ఎవరు దున్నుతారో తెలియని నేలకు బలం ఎవరు పెడతారు? నేల సారం తగ్గిపోతోందని సభల్లో బాధపడేవాళ్లు ముందు ఈ సంగతి చూడాలి.

కాన్సాస్ నుంచి:
అమెరికాలో 1985 చట్టంతో వచ్చిన పథకం ఒకటి ఉంది. కోతకు గురయ్యే భూమిలో సాగు మాని గడ్డి పెంచితే, 10 నుంచి 15 ఏళ్ల ఒప్పందం మీద ప్రభుత్వం ఎకరాకు ఏటా అద్దె కడుతుంది. ఇంత నిడివి ఉండటం నాకు నచ్చింది. కానీ యజమాని అలా అద్దెకు మొగ్గితే కౌలు రైతుకు దున్నుకునే నేల తగ్గిపోతుందన్న గోడు అక్కడా వినిపిస్తుంది.

పొదలకూరు నిమ్మరైతు:
యజమానితో ఫోనులో మాట్లాడాను. ఏడేళ్లకు రాసిస్తామన్నారు. తెల్లకాగితం మీద రాసుకుంటే సరిపోతుందా?

వింజమూరు మెట్ట:
సరిపోదు. ఏడాదికి మించిన కౌలు ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సర్వే నంబరు, కౌలు మొత్తం, డ్రిప్ ఖర్చు ఎవరిది, మధ్యలో తోట వెనక్కి తీసుకుంటే మీకెంత ఇవ్వాలి, ఇవన్నీ అందులోనే రాయించండి. ఏడేళ్లకు రాసిస్తామన్నారు గనుక, డ్రిప్ మంజూరు మీ పేరునే వస్తుందేమో ఆ కాగితంతో దరఖాస్తు తీసుకునే ఆఫీసుకు వెళ్లి అడగండి.